పదకొండు సెంటీమీటర్ల అద్దం

పత్రిక వచ్చిన గురువారం నాడు తెక్లా పెరట్లో గుమ్మడికాయల గుట్ట పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గింజలు తీస్తోంది. ఆమె భర్త వెండెల్ కాయను కత్తితో రెండు చెక్కలు చేసి ముందుకు దొర్లిస్తున్నాడు. ఆమె చెయ్యి లోపలికి పెట్టి, ఒక్క ఊపులో అంతా పెకలించి, గింజల్ని తొట్టిలోనూ గుజ్జును పందుల బాల్చీలోనూ వేస్తోంది. అక్టోబరులో ఓర్షెగ్ కొండల్లో ఏ పెరట్లో చూసినా ఇదే పని. సాయంత్రానికి చేతులు పచ్చగా తేలి, వేళ్ళ సందులు ఒరిసి మండుతాయి. ఆ గింజలు కడిగి, ఎండబెట్టి, పిండి చేసి వేయించి గానుగ పడితే వచ్చే నల్లటి నూనే ఆ ఇంటికి ఆధారం.

పోస్టమ్మాయి కంచె మీంచి కవరు చాచింది.

"చేతులు కడుక్కుని ముట్టుకో," అన్నాడు వెండెల్. "నీ బొమ్మ వచ్చుంటుంది. మరకలు పడితే మళ్ళీ నన్నంటావు."

తెక్లా బావి దగ్గర చేతులు కడుక్కుని, ఏప్రనుకు రెండుసార్లు తుడుచుకుని కవరు చింపింది. అది ఆకాశం చూసేవాళ్ళ సంఘం పత్రిక. మూడు నెలలకొకసారి వస్తుంది. శరత్కాలపు సంచికలో ఆ ఏడాది సభ్యులు తమ పెరళ్ళలోంచి చూసి గీసిన నక్షత్ర గుంపులు, మబ్బుమచ్చలు, గెలాక్సీలు వేస్తారు. ఎవరెవరు ఎన్ని చూశారో చివర్లో జాబితా ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ జాబితాలో ఆమె పేరుంది. ముందు జాబితా తీసింది. లేదు. వేలు పెట్టి పైనుంచి కిందికి మళ్ళీ చూసింది. లేదు.

వెనక్కి తిప్పింది. ఆ బొమ్మల విభాగం చూసే డాక్టర్ లోరాంద్ రాసిన నాలుగు పేరాల్లో రెండోది ఇలా ఉంది: "ఓర్షెగ్ నుంచి ఒక సభ్యురాలు త్రిభుజం అనే నక్షత్రరాశిలోని గెలాక్సీ బొమ్మ పంపారు. అందులో రెండు చేతులు సుళ్ళు తిరుగుతూ, వాటి మీద నాలుగు వెలుగు ముడులు కూడా ఉన్నాయి. టెలిస్కోపు అద్దం పదకొండు సెంటీమీటర్లు. నేను నా ముప్పై సెంటీమీటర్ల అద్దంతో మూడు రాత్రులు చూశాను. ఏ చేతులూ లేవు. ఈ రోజుల్లో ఫొటోలు ప్రతి ఫోనులోనూ దొరుకుతాయి. వంటింటి దీపం కింద గీసిన బొమ్మలకు మన జాబితాలో చోటివ్వలేము. ఈ సభ్యురాలి పరిశీలనలను ఈ సంవత్సరం లెక్కలోకి తీసుకోలేదు."

తెక్లా మళ్ళీ పీట మీద కూర్చుంది. పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైంది, వెయ్యలేదా?"

"వేశారు. చదువు."

వెండెల్ కత్తి కింద పెట్టి పెదాలు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇందులో నీ పేరు లేదుగా."

"ఓర్షెగ్‌లో ఆ అద్దం ఉన్న ఆడమనిషి ఇంకెవరుంది? చదివినవాళ్ళందరికీ తెలుసు."

"దొంగబొమ్మ అంటున్నాడా ఈయన?"

"అంటున్నాడు."

వెండెల్ పెద్ద కాయొకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "శనివారం ఆ మీటింగుందిగా కొండమీద. ఇది పట్టుకెళ్ళి ఆయన నెత్తిన దించుతాను."

"కాయ పాడు చెయ్యకు. కొయ్యి."

అతను కోశాడు. ఆమె గింజలు తీసింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె చెయ్యి కాయలోంచి గుజ్జు పెకలించే తీరు మారింది. ఒక్కోసారి చెక్కే చీలిపోతోంది.

చీకటి పడ్డాక తెక్లా బట్టలు మార్చుకుని పెరట్లోకి వెళ్ళింది. టెలిస్కోపు కోళ్ళగూడు పక్కన గొనె కప్పుకుని ఉంది. గొట్టం చెక్కది, నలుచదరంగా ఉంటుంది, లోపల మసి పూశారు. అది తిరిగే ఇరుసు పాత గానుగ బేరింగుతో వెండెల్ చేసిపెట్టింది. గొనె తీసి, గొట్టం మూత తీసి, అద్దం చల్లబడటానికి వదిలేసి, గోడవారగా బల్ల మీద కూర్చుని జపమాల తీసింది. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఎంతసేపు పడుతుందో, ఆమె నిదానంగా జపమాల ఒక చుట్టు పూర్తి చెయ్యడానికీ అంతే పడుతుంది. గడియారం చూడాలంటే దీపం కావాలి. జపమాలకి అక్కర్లేదు.

ఆ రోజు జపం కుదరలేదు. మూడో పదిలో పూసల లెక్క తప్పింది. పెదాలు ఒకటి పలుకుతుంటే లోపల ఇంకొకటి తిరుగుతోంది. వంటింటి దీపం కింద, అని రాశాడు. ఆ మాట దగ్గరే ఆగిపోతోంది. తర్వాత మెల్లగా వేరే ప్రశ్న వచ్చింది. నిజంగా ఎక్కడా ఫొటో చూడలేదా నేను? పళ్ళ డాక్టరు దగ్గర గోడ మీద ఏదో ఉంటుంది. బ్యాంకువాళ్ళ క్యాలెండరులో ఒకటుంది. అది త్రిభుజంలోదేనా, ఇంకొకటా? మనిషి కన్ను చూడాలనుకున్నది చూస్తుంది. దేవుడు నాకు ఆ కన్నే ఇచ్చాడు కదా, నాకు మాత్రం వేరేది ఇచ్చాడా?

లేచి గొట్టాన్ని తూర్పు వైపు తిప్పింది. పాత నోటుబుక్కు లోపలే వదిలేసింది. తెల్లకాగితం మీద గుండ్రం గీసి ఉంది. ఎర్రగాజు దీపాన్ని దాని మీదికి వంచి, ముందు నక్షత్రాలు పెట్టింది. పెద్దవి మూడు, వాటి మధ్య త్రిభుజాలు కట్టుకుంటూ చిన్నవి. ప్రతి చుక్కకీ కంటికటకం దగ్గరికి వెళ్ళి, మళ్ళీ కాగితం దగ్గరికి వచ్చింది. ఆ తర్వాతే మసక వంతు. మసకగా ఉన్నదాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది. పక్కనున్న నక్షత్రం మీద చూపు నిలిపి దాన్ని ఓరగా పట్టుకోవాలి. కళ్ళకలక పిల్లకి మందు వెయ్యబోతే తల తిప్పుకుంటుందే, అలాంటిదది. చూడనట్టుంటే దగ్గరికి వస్తుంది. తెక్లా ఊపిరి సమంగా తీస్తూ, గొట్టాన్ని గోటితో మెల్లగా తట్టింది. బొమ్మ వణికింది. వణుకులో ఆ తెల్లటి మసక మధ్యలోంచి ఒకటి పైకి, ఒకటి కిందికి వంగి కనిపించి, పోయి, మళ్ళీ వచ్చింది. ఉన్నాయి. పై చేతి చివర ముడి స్పష్టంగా ఉంది. ఇంకో రెండు, అనుమానం లేదు. నాలుగోది ఎంతసేపు చూసినా రాలేదు.

మూడే పెట్టింది. కింద రాసింది: "నాలుగో ముడి ఈ రోజు దొరకలేదు."

లోపలికి వచ్చి పాత బొమ్మ తీసి పక్కన పెట్టింది. నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చేతులు అవే. వెండెల్ భుజం మీంచి చూశాడు.

"ఇది పంపు ఆయనకి."

"పంపితే ఇదీ దీపం కిందే గీశానంటాడు. కాగితానికి ప్రాణం ఉందా, నోరు తెరిచి చెప్పడానికి?"

"మరి శనివారం వెళ్తావా?"

"వెళ్ళను. నన్ను చూసి వాళ్ళు నవ్వుకోవాలా?"

శుక్రవారం ఉదయం చర్చిలో పూజకు ముందు తెక్లా తప్పులు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళింది. జాలీ వెనక ఫాదర్ అంబ్రూష్ దగ్గుతున్నాడు. ఆయనకి డెబ్భై దాటాయి. ఊళ్ళో సగంమందికి పెళ్ళిళ్ళు చేసింది ఆయనే.

"కోపం వచ్చింది ఫాదర్. నిన్నటి నుంచీ తగ్గట్లేదు. ఒకాయన నన్ను అబద్ధాలకోరని అచ్చు వేయించాడు."

"అబద్ధమాడావా?"

"లేదు."

"అయితే క్షమించమ్మా."

"ఆయన అడగలేదు ఫాదర్. అడగనివాడికి క్షమాపణ ఎలా ఇవ్వాలి? చేతిలో పెట్టుకుని వీధివీధీ తిరగనా?"

బయట ఎవరో తలుపు తీసి మూసిన చప్పుడైంది.

"ఆయన ఎదురుగా నిలబడి అడిగావా, ఎందుకిలా రాశావని?"

"లేదు."

"నువ్వు ఇంట్లో కూర్చుంటే ఆయన నిన్ను ఎక్కడ అడుగుతాడు? కోపాన్ని ఇంట్లో పెట్టుకుని పెంచితే అది నీ పాపం. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టు. తర్వాతి సంగతి ఆయనది." మళ్ళీ దగ్గాడు. "మూడు పరలోక జపాలు చెప్పుకో. మీ ఆయన్ని మాత్రం చెయ్యి చేసుకోనివ్వకు."

"గుమ్మడికాయ అన్నాడు ఫాదర్."

"అదీ వద్దు."

శనివారం మధ్యాహ్నం వెండెల్ టెలిస్కోపును దుప్పట్లలో చుట్టి వ్యాను వెనక కట్టాడు. సంఘం వాళ్ళు ఏటా అమావాస్య దగ్గర్లో కలిసే చోటు కొండమీది అటవీశాఖ బంగళా. ముందు మెత్తటి గడ్డి నేల, చుట్టూ దీపమన్నది లేదు. వీళ్ళు వెళ్ళేసరికి పాతికమంది ఉన్నారు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో చిక్కుడుగింజలూ పొగబెట్టిన మాంసమూ ఉడుకుతున్నాయి. ప్లమ్ సారా సీసా చేతులు మారుతోంది. తెక్లా వ్యాను దిగగానే మాటలు తగ్గాయి.

సోంబత్‌హేయ్ పట్నం నుంచి వచ్చే లావుపాటి బేకరీ ఆయన నవ్వుతూ అన్నాడు, "రా వదినా. ఫోను చార్జింగు పెట్టుకోవాలంటే ప్లగ్గు లోపలుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెండెల్ అతని వైపు ఒక అడుగు వేశాడు. తెక్లా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నా ఫోనుకి బటన్లున్నాయన్నా," అంది. "దాంట్లో మాట్లాడటమే కష్టం. నీకు రొట్టె ఆర్డరివ్వాలంటే కేకెయ్యాలి."

ఈసారి మిగతావాళ్ళు నవ్వారు.

డాక్టర్ లోరాంద్ గడ్డి మధ్యలో తన పెద్ద టెలిస్కోపు పక్కన మడతకుర్చీలో కూర్చున్నాడు. ఆయన చదువుల డాక్టరు, మందుల డాక్టరు కాదు. నగరంలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. సన్నగా, పొడుగ్గా, మెడకి ఉన్ని మఫ్లరు. సంఘంలో సగంమంది టెలిస్కోపు పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నారు. పంతొమ్మిదేళ్ళ కింద తెక్లాకి మొదటి బొమ్మ దిద్దిందీ ఆయనే. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడితే ఆయన తల కొంచెం పక్కకి తిప్పి చూశాడు.

"రండి తెక్లాగారూ. వస్తారనుకోలేదు."

"నేనూ అనుకోలేదు డాక్టరుగారూ. ఎందుకలా రాశారు?"

"పేరు రాయలేదు కదమ్మా."

"పేరు రాసినా బాగుండేది. ఎలాగూ అది నేనేనని అందరికీ తెలిసిందే."

"చూడండి. నాకు మీ మీద కక్షేముంది? నా అద్దంలో మీదానికంటే ఏడు రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. మూడు రాత్రులు కూర్చున్నాను. మధ్యలో మసక తప్ప ఏమీ లేదు. నాకు కనిపించనిది మీకు ఎలా కనిపిస్తుంది? లెక్క ఒప్పుకోదు."

"లెక్కని కాదు, నన్ను అడగాల్సింది. ఒక ఉత్తరం రాయలేకపోయారా? ఫోను చెయ్యలేకపోయారా? పంతొమ్మిదేళ్ళలో నా బొమ్మల్లో ఒక్కటి అబద్ధమని ఎప్పుడైనా అన్నారా?"

"అప్పుడు ఫోనుల్లో ఫొటోలు ఉండేవి కావు," అన్నాడు డాక్టరు. చుట్టూ చూసి చిన్నగా నవ్వాడు.

తెక్లాకి ముఖం వేడెక్కింది. అరవాలనిపించింది. ఆమె తన చేతుల వైపు చూసుకుంది. గోళ్ళ కింద గుమ్మడి పసుపు ఇంకా పోలేదు.

"కొత్తగా చేరినవాళ్ళకి పరీక్ష పెడతారుగా," అంది. "ఎక్కడ చూపిస్తున్నారో చెప్పకుండా టెలిస్కోపు తిప్పి పెట్టి, అరగంటలో కనిపించింది గియ్యమంటారు. అది నాకు పెట్టండి. ఇవాళే. ఫోనూ, పటాలూ అన్నీ వ్యానులో పెట్టి తాళం వెయ్యండి."

గాష్పార్ బాబాయి చేతిలోని చెంచా గిన్నెలో వదిలి లేచాడు. సంఘంలో అందరికంటే పెద్ద ఆయనే. రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర నలభై ఏళ్ళు పనిచేశాడు. కొత్తవాళ్ళ పరీక్ష ఎప్పుడూ ఆయన చేతిమీదుగానే జరుగుతుంది.

"అడగాల్సిన మాటే," అన్నాడు. "నేను పెడతాను."

"డాక్టరుగారికీ పెట్టు బాబాయ్," అంది తెక్లా. "అదే చోటు, అదే అరగంట. ఏడు రెట్ల అద్దంలో ఏముందో, నా అద్దంలో ఎంత అందిందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. లేకపోతే రేపు మళ్ళీ ఇంకో లెక్క తీస్తారు."

డాక్టరు మఫ్లరు సర్దుకున్నాడు. "నాకు పరీక్షా?"

"గురువుగారూ, కూర్చోండి, ఏం పోయింది," అన్నాడు బేకరీ ఆయన. "అరగంటలో తేలిపోతుంది. పులుసు కూడా అప్పటికి దిగుతుంది."

అందరూ డాక్టరు వైపు చూశారు. ఆయన "సరే," అన్నాడు.

బాగా చీకటి పడ్డాక, గాష్పార్ వాళ్ళిద్దర్నీ బంగళా వెనక్కి పంపి, ఒకదాని తర్వాత ఒకటి రెండు టెలిస్కోపులూ తిప్పి పెట్టాడు. తర్వాత పిలిచాడు. కంటికటకం పక్కనుంచి ఆకాశం కేసి చూడకూడదు. గొట్టం కొంచెం ఇటూ అటూ కదపొచ్చు, అంతే. ఇద్దరికీ ఒక్కో కాగితం, ఒక్కో పెన్సిలు ఇచ్చాడు.

తెక్లా కంటికటకానికి కన్ను ఆనించింది. గుండె దడదడలాడుతోంది, దాంతో బొమ్మా కదులుతోంది. ఆగింది. ఊపిరి సమం అయ్యేదాకా ఏమీ గియ్యలేదు. తర్వాత నక్షత్రాలు పెట్టడం మొదలుపెట్టింది. పై అంచున ఒక జంట. కింద వంపుగా నాలుగు. వాటి మధ్య సన్నవి ఒక్కొక్కటే తేలాయి. పధ్నాలుగు అయ్యాయి.

ఇక మసక వంతు. మధ్యలో ఓరచూపు పెట్టి వెతికింది. లేదు. ఎడమ వైపు. లేదు. గొట్టాన్ని తట్టింది. ఏదీ కదలలేదు. గడ్డి మీద మంచు పడుతోంది, పాదాలు చల్లబడ్డాయి. పదడుగుల దూరంలో డాక్టరు పెన్సిలు కాగితం మీద గీరుకునే చప్పుడు వినిపిస్తోంది. నిదానంగా, ఆగకుండా. ఆయనకి కనిపించింది. ఆ ముప్పై సెంటీమీటర్లలో ఏదో ఉంది.

తెక్లా మళ్ళీ చూసింది. జంట నక్షత్రం కింద ఒక వెలుగు పొర ఉన్నట్టనిపించింది. గుండ్రంగా, చాలా పల్చగా. ఆమె పెన్సిలు కాగితం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. నిజంగా ఉన్నదైతే గొట్టం జరిపినప్పుడు నక్షత్రాలతో పాటు జరగాలి. కంట్లోని మసకైతే కంటితోనే ఉండిపోతుంది. గొట్టాన్ని వెంట్రుకవాసి కదిపింది. నక్షత్రాలు జరిగాయి. పొర జరగలేదు.

ఇంకోసారి కదిపింది. జరగలేదు.

అది లేదు. లేదని తెలిసినా చెయ్యి గియ్యాలనే ఉంది. పల్చగా వేలితో ఒక్క రుద్దు రుద్దితే చాలు. అక్కడ ఏదైనా ఉండి ఉంటే రేపటి నుంచి తనని ఎవరూ ఏమీ అనరు. ఏమీ గియ్యకపోతే, ఈమెకి తేలికదే దొరకలేదు, త్రిభుజంలో చేతులు చూసిందట అంటారు. పాతికమంది చలిలో నిలబడి ఎదురు చూస్తున్నారు. వెండెల్ వాళ్ళలో ఎక్కడో ఉన్నాడు. ప్రభువా, నేను నిజం చెప్పానని చూపించడానికి ఇప్పుడు ఒక అబద్ధం గియ్యాలా అనుకుంది. ఆ ప్రశ్న అడిగాక చెయ్యి బరువు తగ్గింది.

ఎర్రదీపం కింద రాసింది: "నక్షత్రాలు పధ్నాలుగు. మసకగా ఏదీ కనిపించలేదు. ఏడు గంటల యాభై నుంచి ఎనిమిది ఇరవై." తారీకు వేసింది. సంతకం పెట్టింది. గాష్పార్ చేతికి కాగితం ఇస్తున్నప్పుడు ఆయన ముఖంలోకి చూడలేదు.

"ఇద్దరూ లోపలికి రండి," అన్నాడు గాష్పార్. మిగతావాళ్ళతో, "మీరు పులుసు పోసుకోండి. పిలుస్తాను," అన్నాడు.

వంటగదిలో బల్ల మీద దీపం వెలిగించి తలుపు వేశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. దీపం వెలుతురుకి తెక్లా కళ్ళు చికిలించి చూసింది. డాక్టరు కాగితంలో తొమ్మిది నక్షత్రాలున్నాయి. వాటి మధ్య అందంగా, మెత్తగా రుద్దిన కోలగా ఒక గెలాక్సీ. నడుమ గట్టి వెలుగు. ఒక పక్క నల్లటి సన్నని చార కూడా ఉంది. పంతొమ్మిదేళ్ళ కింద ఆమె చూసి నేర్చుకున్న చెయ్యి అది.

ఆమె తన కాగితం వైపు చూసుకుంది. అంత స్పష్టంగా ఉందా?

"మేము రైల్వేలో ఉన్నప్పుడు," అన్నాడు గాష్పార్, కుర్చీ లాక్కుని కూర్చుంటూ, "ఏటా కంటి పరీక్ష పెట్టేవాళ్ళు. చీకటి గదిలో కూర్చోబెట్టి దూరంగా దీపం చూపించి, ఎరుపా పచ్చా అని అడిగేవాళ్ళు. ఒక్కోసారి ఆ పరీక్ష పెట్టే ముసలాయన దీపమే వెలిగించేవాడు కాదు. అడగటం మాత్రం అలాగే అడిగేవాడు, ఎరుపా పచ్చా అని. పచ్చ అన్నవాడికి మర్నాటి నుంచి సిగ్నళ్ళ దగ్గర పని లేదు."

గాష్పార్ డాక్టరు కాగితం మీద వేలు పెట్టాడు.

"ఇవాళ నేను చూపించింది రెక్కల గుర్రం రాశి కడుపులో ఖాళీ చోటు లోరాంద్. మన అద్దాలకి అందేది అక్కడేదీ లేదు. నక్షత్రాలు మాత్రం నీ అద్దంలో ముప్పై దాకా పడాలి. నువ్వు తొమ్మిది పెట్టావు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగింది. డాక్టరు మఫ్లరు తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు గాష్పార్.

"రెండేళ్ళవుతుంది. మధ్యలో ఒక మచ్చ. ముందు కుడికన్ను, ఇప్పుడు రెండూ." ఆయన గొంతు మామూలుగానే ఉంది. తెక్లా వైపు తిరిగాడు. తల కొంచెం పక్కకి తిప్పి. ఆ చూపు ఎందుకలా ఉందో ఆమెకి ఇప్పుడర్థమైంది. "నేను నిజంగానే నమ్మానమ్మా, మీరు ఫొటో చూసి గీశారని. కావాలని చెయ్యలేదు. అక్కడ ఏమీ లేదనే నమ్మాను."

"మీకు కనిపించలేదని రాస్తే సరిపోయేది," అంది తెక్లా. "అది మీ కన్ను, మీ మాట. నేను చూడలేదని రాశారు. నా కంటి సంగతి మీకెవరు చెప్పారు?"

తెక్లా తన కాగితాన్ని ఆయన ముందుకి జరిపింది.

"మీకు జబ్బు చేసిందంటే బాధగానే ఉంది. మీకోసం జపం చెయ్యమంటే చేస్తాను. కానీ నేను రెండు రోజులుగా తిండి తిన్నానా అని అడగండి. నా బొమ్మలు ఆరువందల పైన ఉన్నాయి. ఒక్క పేరాతో అన్నింటి మీదా మసి పూశారు. మీరు అబద్ధం గీసుకుంటూ నన్ను అన్నారు. అది ఎలా మింగాలి డాక్టరుగారూ?"

డాక్టరు చెయ్యి చాచి తన కాగితం అందుకోబోయాడు. వేళ్ళు బల్ల అంచుకి తగిలి, ఆ తర్వాత కాగితాన్ని వెతుక్కున్నాయి. "ఇది చించేద్దాం గాష్పార్. ఇది బయటికి వెళ్ళాల్సిన పని లేదు. తెక్లాగారిది సరైనదని నేనే చెబుతాను."

గాష్పార్ తెక్లా వైపు చూశాడు.

తెక్లా కాగితం మీద అరచెయ్యి పెట్టింది. "చించొద్దు. సంఘంలో కాగితం చించే ఆచారం ఎప్పుడూ లేదు. తప్పు గీస్తే కింద రాస్తాం. మీరే నేర్పారు నాకది." పెన్సిలు ఆయన చేతిలో పెట్టింది. "మీకు నిజంగా ఏం కనిపించిందో కింద రాయండి. ఆ తర్వాత ఇంకో కాగితం మీద పత్రికకి రాయండి."

ఆయన కూర్చున్నాడు. కాగితం మీదికి వంగి, ముఖం ఒక పక్కకి తిప్పి, ఓరచూపుతో అక్షరాలు పట్టుకుంటూ రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలు. కోలగా ఉన్న గెలాక్సీ మీద ఒక అడ్డగీత గీశాడు. రెండో కాగితానికి ఎక్కువసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, "వంటింటి దీపం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని రాస్తే చాలా?" అని అడిగాడు.

"చాలదు. చూశానని నేను చెప్పిన చోట, చూసిందని రాయండి."

రాశాడు. తెక్లా మాట మాట చదివింది. ఒక చోట తన పేరు వేయించింది. కాగితం మళ్ళీ ఆయన చేతికిచ్చింది.

"పత్రిక మూడు నెలలకి గాని రాదు," అంది. "వాళ్ళందరూ ఇప్పుడే ఉన్నారు."

డాక్టరు లేచి, బల్ల మీది మొదటి కాగితం కూడా మడిచి జేబులో పెట్టుకుని, తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. గాష్పార్ ఎర్రదీపం పట్టుకుని వెంట వెళ్ళాడు. తెక్లా లోపలే ఉండిపోయింది. తలుపు సందులోంచి గడ్డి మీద గిన్నెలూ చెంచాలూ ఆగిన చప్పుడు విన్నది. డాక్టరు ఆమె గురించి రాసింది చదివాడు. ఒక మాట దగ్గర ఆగాడు. అక్షరం దొరకక ఆగాడో, ఇంకెందుకో తెలియదు. ఆమె చెయ్యి తలుపు గడియ మీదే ఉంది. ఆయన గొంతు మళ్ళీ సాగింది. ఏ మాటా వదల్లేదు.

ఎవరో, బేకరీ ఆయనే కాబోలు, "అయితే మీ కాగితంలో ఏముంది గురువుగారూ?" అన్నాడు.

అది చదవమని ఆమె అడగలేదు. గాష్పార్ కూడా అడగలేదు. కాగితం మడత విప్పిన చప్పుడు వచ్చింది.

"ముప్పై సెంటీమీటర్ల అద్దం," అని చదివాడు డాక్టరు. "నక్షత్రాలు తొమ్మిది. గెలాక్సీ అని గీసింది నేను చూసింది కాదు. ఏమీ కనిపించలేదు. రెండేళ్ళుగా పంపినవి కూడా మళ్ళీ చూసుకోవాలి. ఏడు గంటల యాభై నుంచి ఎనిమిది ఇరవై. లోరాంద్."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అయ్యో అనలేదు. తెక్లా తలుపు తీసి గడప మీద నిలబడింది. చీకట్లో ఆయన ఎటు ఉన్నాడో ఎర్రదీపాన్ని బట్టి తెలుస్తోంది. ఆయనకీ తలుపు చప్పుడు తెలిసినట్టుంది, ఇటు తిరిగాడు.

"తెక్లాగారూ, సరిగ్గా చదివానా?"

"తారీకు చదవలేదు," అంది తెక్లా.

ఆయన కాగితం మళ్ళీ దీపం దగ్గరికి తెచ్చుకుని, తల పక్కకి తిప్పి, తారీకు చదివాడు.